చెప్పుకొనరాని నొప్పి

మన యిండ్లలో నొప్పులకును కులభేదము కలదు. తలనొప్పి అగ్రకులపు నొప్పి. అది వచ్చినదని చెప్పుటకు కోడలు సంకోచింపదు. చెప్పినంతనే యెవరో యొకరు డబ్బా తెచ్చి నుదుట పూయుదురు. పంటినొప్పియు, మోకాలినొప్పియు, నడుమునొప్పియు పంక్తిలో కూర్చుండ నర్హత గలవియే. వెన్నెముక కట్టకడపట, మనము కూర్చుండు తావున పుట్టు నొప్పికి మాత్రము పంక్తిలో చోటు లేదు. ఆ చోటి పేరు నోట పలుకుటయే అమర్యాద. అందుచే ఆడువారు దానిని నడుమునొప్పి యని చెప్పుదురు. విన్నవారు నడుమునకు మందు తెత్తురు. నొప్పి యొకచోట, పూత వేఱొకచోట. తుదకు గుణము కనబడలేదని మందును నిందింతురు.

ఆ నొప్పిని పదునాలుగు నెలలు భరించి, దానికై లోకులు చెప్పు పైపూతలను ఒక్కొక్కటిగా పరీక్షించి చూచినవారము గనుక, మా యనుభవమును సోదరీమణులకు విన్నవింప దలచితిమి. ఇది హాస్యమునకు తగిన విషయమే కాని వ్యాసమునకు తగినది కాదని కొందఱు నవ్వవచ్చును. అట్టివారు గట్టి చెక్కబల్లపై కదలక యొక గంట కూర్చుండి, అటుపిమ్మట నవ్వవలయునని మా ప్రార్థన.

ముందుగా ఆ యెముక యెట్టిదో తెలిసికొందము. శరీరశాస్త్రజ్ఞులు దానిని అనుత్రికాస్థి యందురు. వాడుకలో తోకయెముక యందురు. మూడు మొదలు అయిదు వఱకు, సాధారణముగా నాలుగు, చిన్నపూసల కూడికచే అది యేర్పడినది. ముందునకు వంగి కోకిలముక్కువలె నుండుటచే గ్రీకు వైద్యులు దానికి కోకిల పేరే పెట్టిరి. ఇంగ్లీషువారి కాక్సిక్సు ఆ గ్రీకుపదమే. మనము నిటారుగా కూర్చున్నప్పుడు దేహభారము ముఖ్యముగా పిరుదులలోని రెండు గట్టియెముకలపై నిలుచును. వెనుకకు వాలినకొలది ఆ భారము తోకయెముకపైకి వచ్చును. స్త్రీల కటి వెడల్పయినది. వారి తోకయెముక వెనుకకు కొంత యెక్కువగా బయలుపడి దెబ్బలకు లోనగును. ప్రసవకాలమున శిశువు ఆ దారిని దాటునప్పుడు దానిపై ఒత్తిడి కలుగును. ఈ కారణములచే ఈ నొప్పి పురుషులకంటె స్త్రీలయందు ఇంచుమించు అయిదు రెట్లు అధికమని వైద్యులు చెప్పుచున్నారు. ఆడువారికే యెక్కువగా వచ్చు వ్యాధి, ఆడువారే నోట పలుకరాని వ్యాధి! ఈ రెండును ఒక్కచోట చేరుటవలననే ఇది యిండ్లలో ఏండ్ల తరబడి దాగి యుండుచున్నది.

వైద్యశాస్త్రమున ఈ నొప్పికి 1859లో పేరు పెట్టినవాడు ఎడింబరో నగరమందలి జేమ్సు యంగ్ సింప్సను. ప్రసవవేదనను తగ్గించుటకు 1847లో క్లోరోఫారమును వాడినవాడును ఆయనయే. స్త్రీ వేదనతోనే కనవలయునని దైవశాసన మున్నదనియు, ఆ వేదనను తప్పించుట పాపమనియు కొందఱు మతాభిమానులు ఆక్షేపించిరి. సింప్సను వారి గ్రంథమందలి మాటలతోనే వారికి బదులు వ్రాసెను. 1853లో విక్టోరియా రాణి తన ప్రసవమునందు క్లోరోఫారమును స్వీకరించిన పిదప ఆ యాక్షేపణలు సన్నగిల్లెను. స్త్రీ నొప్పి దైవవిధి కాదని వాదించినవాడే, స్త్రీలు చెప్పుకొనలేని నొప్పికి పేరు పెట్టుట మాకు యాదృచ్ఛికముగా తోచలేదు.

మాది సంగం జాగర్లమూడి. గుంటూరు-తెనాలి రైలుమార్గమున వేజెండ్లకును అంగలకుదురునకును నడుమ నున్న పల్లె. కృష్ణాపశ్చిమ డెల్టా నీటితో వరి పండు నేల. ఇచట నాట్లు వేయు స్త్రీ పగలెల్ల వంగి పని చేసి, ఇంటికి వచ్చి పీటపై కూర్చుండి కూర తరుగును. చదువుకొన్న యువతి బడిలోనో కచేరిలోనో గట్టి కుర్చీపై దినము గడపి, మోటారుసైకిలు వెనుక కూర్చుండి యిల్లు చేరును. దారిలోని ప్రతి స్పీడుబ్రేకరును ఆమె వెన్నుకొనయే లెక్కపెట్టును. కుట్టుమిషను పెట్టుకొని జీవించు నామెకు ఆసనమే జీవనాధారము. ఒకరి పని పొలమున, ఒకరిది బల్లవద్ద. నొప్పి మాత్ర మొక్కటే.

వానకాలమున నూతివద్ద పాచిపట్టిన మెట్టుపై జారి మేము కూలబడితిమి. ఎక్స్‌రేలో ఎముక విఱిగినట్లు కనబడలేదు. కొలదివారములలో తగ్గునని అందఱును చెప్పిరి, తగ్గలేదు. మూడు మాసములు దాటిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలికమందురు. మాది ఆ గడువును దాటి చాలదూరము పోయినది. కూర్చుండుట కష్టమే, కూర్చుండి లేచుట అంతకంటె కష్టము. పెండ్లిపందిటిలో కుర్చీ చూపి కూర్చుండుమన్నచో, పని యున్నదని చెప్పి వంటశాలవైపు పోవుచుంటిమి. రైలులో చోటున్నను నిలుచుచుంటిమి. మర్యాదస్థులు మాకు నిలుచుట యిష్టమని తలచిరి.

ఉపదేశములకు కొదువ లేదు. "అమ్మాయీ, నువ్వులనూనె గోరువెచ్చన చేసి మర్దనా చేయించుకో, రెండు రోజులలో పోతుంది" అని అత్తగారు. పసుపును సున్నమును కలిపి పట్టు వేయవలయునని పొరుగింటి పిన్నిగారు. ఘాటైన లేపనములే గతి యని ఒకరు, గొట్టములోని జెల్లే గతి యని మఱియొకరు. ప్రతివారును తమ మందు గొప్పతనమును కన్నులార చూచినవారే.

తెలుగువారికి పైపూతమందన్న విశేషమైన ప్రీతి. అది నిష్కారణము కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. ఆ డబ్బాల రాబడి అండగా 1908లో ఆంధ్రపత్రికయు, 1924లో భారతియు వెలసినవి. చెన్నపట్టణమున కేసరికుటీరమను ఔషధశాలను నెలకొల్పి స్త్రీలకై లోధ్ర యను మందు నమ్మిన కె. ఎన్. కేసరిగారే 1928లో గృహలక్ష్మి పత్రికను ప్రారంభించిరి. తెలుగు వచనమునకు మందుసీసా పాలుపోసి పెంచినదనిన అతిశయోక్తి కాదు. ఆ ఋణమును మేము మఱువము. అయినను ఋణము వేఱు, పరీక్ష వేఱు. పత్రికను పోషించినంత మాత్రమున ఏ లేపనమును ఎముకను బాగుచేయునని సిద్ధాంతము చేయరాదు గదా!

మన పూర్వులు కాకతాళీయ న్యాయమని యొక మాట చెప్పిరి. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కక్షణమున జరిగినచో, కాకియే పండును రాల్చినదని తలచుట యవివేకము. ఇంటివైద్యము పెక్కుసార్లు ఈ కాకివంటిది. నొప్పి తనంతట హెచ్చుచు తగ్గుచు నుండును. మిక్కిలి హెచ్చినప్పుడే మందు పూయుదుము. హెచ్చినది తగ్గుట సహజము గనుక మఱునాడు కొంత తగ్గును. పేరు మందునకు దక్కును. ఈ భ్రమను తప్పించుకొనుటకు పద్దు వ్రాయుటకంటె వేఱు దారి లేదు. పాలవాని లెక్కయు చాకలి లెక్కయు తప్పక వ్రాయు గృహిణికి ఈ పని కొత్తది కాదు.

మొదట గుంటూరులో నొక వైద్యురాలికి చూపించి, గడ్డయు చీమునుగాని వేఱు రోగమునుగాని లేవని నిర్ధారణ చేయించుకొంటిమి. అటుపిమ్మట నొక పుస్తకమున ప్రతిసాయంకాలము రెండు సంఖ్యలు వ్రాసితిమి. నొప్పికి సున్న మొదలు పది వఱకు నొక అంకె; అదే చెక్కకుర్చీపై, అదే వేళ, ఎన్ని నిమిషములు కూర్చుండగలిగితిమో మఱియొక అంకె. మొదటి రెండు వారములు ఏమియు పూయలేదు. తరువాత ఒక్కొక్క పూతకు రెండేసి వారములు. రెండు పూతల నడుమ ఏమియు లేని వారమొకటి. ప్రతి పూతను ముందుగా ముంజేతిపై నొక దినముంచి చర్మము కందునేమో చూచితిమి. ఏమియు పూయని కాలమున మా లెక్క 18 నిమిషములు. నొప్పి అంకె 6.

మొదటి పరీక్ష వట్టి నువ్వులనూనె. గోరువెచ్చగా చేసి పది నిమిషములు మెల్లగా మర్దించితిమి. 24 నిమిషములు, అంకె 5. నూనెలో నొప్పిని హరించు గుణమున్నదో లేదో కాని, చేతిలో నున్నది. దెబ్బతగిలిన చోటును రుద్దుకొనుట పసిపిల్లకును తెలియును. మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు 1965లో దీనికి నొక వివరణ నిచ్చిరి: స్పర్శను మోయు నరములు మేల్కొన్నప్పుడు వెన్నుపాములో నొక ద్వారము కొంత మూతబడి, నొప్పివార్త మెదడునకు తగ్గి చేరునట. కావున మర్దన తానే యొక మందు. ఏ పూతయైనను తన గొప్పను నిరూపించుకొనవలయునన్న, ఈ వట్టినూనెను మించవలయును. ఇదియే మాకు కొలబద్ద యైనది.

రెండవది పసుపు. దుగ్గిరాల పసుపు మా ముంగిట పండిన బంగారము. దానిపై మా కభిమానము మెండు. అయినను పద్దుపుస్తకమునకు అభిమానము లేదు. వెచ్చని పసుపుపట్టు 23 నిమిషములు చూపినది. పసుపులోని కుర్కుమిను చర్మమును దాటి లోనికి చేరుట బహుకష్టము. సున్నమును కలుపలేదు, తడిసున్నము చర్మమును కాల్చును. చీరలు మాత్రము పచ్చబడినవి.

మూడవది పుదీనాపువ్వు, కర్పూరము, మిథైల్ సాలిసిలేటు కలిసిన ఘాటు లేపనము. పూసిన మొదటి అరగంట హాయి మెండు. అప్పుడు అంకె 4. పిదప మఱల మొదటి స్థితియే. రెండు వారముల సగటు 26 నిమిషములు. పుదీనాపువ్వు చల్లదనము నిజమైన చల్లదనము కాదు. చలిని గ్రహించు నరములోని తలుపును అది తట్టును. ఆ తలుపును శాస్త్రజ్ఞులు 2002లో గుర్తించిరి. చలి లేకయే చలియని మెదడు నమ్మును. ఆ సందడిలో నొప్పిని కొంతసేపు మఱచును. మఱపించుట మానుపుట కాదు. అయినను రాత్రి నిదుర పట్టుటకు మఱపును ఉపకారమే. ఈ లేపనము చేసిన వింతపని మఱియొకటి కలదు. దాని వాసన యింటిల్లిపాదికిని మా రహస్యమును చాటినది!

నాలుగవది డైక్లోఫినాకు జెల్లు. ఇది వాపును తగ్గించు జాతి మందు. తోకయెముక చర్మమునకు దగ్గఱగా నుండుటచే మందు చేరుటకు వీలుండును. మాత్ర మ్రింగినప్పటివలె కడుపును అంతగా బాధింపదు. మా లెక్క 27 నిమిషములు; అంకె 4కును 5కును నడుమ. దీనిని గుఱించి పెద్దపరీక్షలు జరిగియున్నవి. మోకాలి కీళ్లరుగుడు మొదలగు దీర్ఘకాలపు నొప్పులపై జరిగిన పరీక్షలను 2016లో ఒకచోట చేర్చి చూడగా, ఈ జెల్లు పూసికొన్న పదిమందిలో ఇంచుమించు ఆర్గురికి చక్కని యుపశమనము కలిగెను. మందు లేని వట్టి జెల్లు పూసికొన్న పదిమందిలో అయిదుగురికి కలిగెను. చదువరులారా, ఆ రెండవ సంఖ్యపై మనసు నిలుపుడు. మందు లేని జెల్లు పదింట అయిదుగురికి మేలు చేసినట్లు కనబడినదన్నచో, మన పిన్నిగారల సాక్ష్యములు అబద్ధములు కావు. అయినను ఋజువులును కావు.

అయిదవది మిరప. గుంటూరి సీమలో పుట్టి మిరపను పరీక్షింపకుండుట యెట్లు? మిరపలోని కాప్సైసిను వేడిని గ్రహించు నరములోని తలుపును తట్టునని డేవిడ్ జూలియస్ బృందము 1997లో కనుగొనెను. ఆయన అర్డెం పటపూటియనుతో కలిసి 2021లో నోబెలు బహుమానమును పంచుకొనెను. ఆ తలుపును మఱలమఱల తట్టగా నరము మొద్దుబారి నొప్పివార్త పంపుట తగ్గించును. అందుచే కీళ్లనొప్పులకు కాప్సైసిను లేపనము కలదు. మేము ముంజేతిపై పూసి చూడగా కారముతిన్న నాలుకవలె మండినది. తోకయెముకవద్ద దీనిని పూయరాదని వైద్యురాలు స్పష్టముగా చెప్పిరి. చెమటతోను రాపిడితోను అది ప్రక్కనున్న సుకుమారస్థానములకు ప్రాకి దుర్భరమగు మంట పుట్టించును. ఆ గొట్టమునకు మూత బిగించితిమి.

పద్దు కూడి చూడగా, వట్టినూనెకును అన్నిటికంటె మేలైన పూతకును నడుమ భేదము మూడు నిమిషములు. నాలుగు నెలల శ్రమకు ఫలము మూడు నిమిషములేనా యని నిరాశపడలేదు. పూత చేయగల పని యెంతయో తెలిసినది. చేయలేనిదేదో వెదకుటకు త్రోవ యేర్పడినది.

ఆ వెదకులాట మమ్ము ఆసనమువద్దకు చేర్చినది. దెబ్బతిన్న యెముకపై దినమునకు ఎనిమిదిగంటలు బరువు మోపుచు, రెండుసారులు మందు పూయుట, పగిలిన కుండకు వెలుపల సున్నము కొట్టుచు లోన నీరు పోయుటవంటిది. పరుపులు కుట్టువానిచే మూడంగుళముల మందము గల గట్టినురుగు దిండొకటి చేయించి, వెనుకవైపు నడుమ తోకయెముక వచ్చుచోట జానెడు గంటు కోయించితిమి. నడుమ తూటుగల చక్రాకారపు దిండ్లకంటె ఇట్లు వెనుకకు తెఱపి యున్నదియే ఈ నొప్పికి మేలని వైద్యురాలు చెప్పిరి. బరువు రెండు పిరుదులపై నిలిచి, తోకయెముక గాలిలో నుండును. ముందునకు కొంచెము వంగి లేచుట, అరగంటకొకసారి నిలుచుట, ముక్కవలసిన యవసరము రాకుండ ఆకుకూరలును నీరును పుష్కలముగా తీసికొనుట, ఇవియు అలవఱచుకొంటిమి. రెండవ వారమున 47 నిమిషములు. కాలమే మాన్పినదేమో యను సందేహము తీఱుటకు ఒకవారము దిండును తీసివేసితిమి: 25. మఱల వేసికొంటిమి: 50. నూనెమర్దనయు దిండును కలిసినప్పుడు గంట దాటినది. ఇది యొక్క శరీరపు సాక్ష్యమే. అందఱకును ఇట్లే యగునని చెప్పము. కాని ఎవరి పద్దు వారు వ్రాసికొనవచ్చును గదా.

ఆ దిండు మా యింట మఱియొక పని చేసినది. ఒకనాటి మధ్యాహ్నము అత్తగారు మెల్లగా వచ్చి, "ఆ దిండు ఒకసారి ఇటివ్వమ్మా" అని యడిగి, దానిపై కూర్చుండి, చాలసేపు మాటాడక యుండిరి. మూడవ కాన్పు నాటినుండి ముప్పదిరెండేండ్లు ఆమెకు అదే నొప్పి. మామగారికిగాని, కన్నతల్లికిగాని, ఏ వైద్యునకుగాని ఆ చోటు చెప్పలేదు. నడుమనియే చెప్పిరి, నడుమునకే నూనె రాయించుకొనిరి. రెండు రోజులలో పోవునని మాకు చెప్పిన నూనె, ఆమెకు ముప్పదిరెండేండ్లలో పోగొట్టలేదు. ఆ వారమే ఆమెను వైద్యురాలివద్దకు తోడ్కొని పోయితిమి. దారిలో ఆమె అడిగిన దొక్కటే ప్రశ్న: "ఆవిడతో ఏమని చెప్పాలే?"

ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు కారణము. స్త్రీలు పురుషవైద్యులకు చూపుకొనరని తెలిసి, అన్నా కుగ్లరను అమెరికా వైద్యురాలు 1883లో గుంటూరునకు వచ్చి, స్త్రీలకై వైద్యశాల నెలకొల్పి, 1930లో మరణించువఱకు ఈ సీమకు సేవచేసెను. గుంటూరు వైద్యకళాశాల 1946లో వెలసినది. నేడు వైద్యురాండ్రు కొల్లలు. వైద్యశాల వచ్చినది, వైద్యురాలు వచ్చినది, రైలు వచ్చినది. మాట మాత్రము నోటికి రాలేదు. చెప్పినచో చికిత్స కలదు. దిండుతో తగ్గనివారికి వ్యాయామచికిత్సయు, ఎముకను చేతితో సరిదిద్దుటయు, సూదిమందును కలవు. ఏమాత్రము తగ్గని కొలదిమందికి శస్త్రచికిత్సయు కలదు. పెక్కుమందికి కత్తి యవసరమే లేదు.

కొన్ని హెచ్చరికలు. ఆ చోట వాపు, చీము, జ్వరము, రక్తస్రావము కలిగినను, కారణములేక బరువు తగ్గినను, రాత్రి పడుకొన్నను నొప్పి వదలకున్నను పూతలతో కాలము వెళ్లబుచ్చరాదు. కాళ్లు తిమ్మిరిపట్టి బలహీనపడినను, మలమూత్రముల పట్టు తప్పినను ఆ గంటలోనే వైద్యశాలకు పోవలయును. ఘాటు లేపనము పూసిన చోట వేడినీటిసంచి పెట్టరాదు, చర్మము కాలును. గర్భిణులు, ముఖ్యముగా చివరి మాసములలో, వైద్యు నడుగక డైక్లోఫినాకు పూయరాదు. లేపనములను పిల్లలకు అందనీయరాదు: శుద్ధమైన వింటర్‌గ్రీను నూనె ఒక చిన్నచెంచా ఇరువదికి పైగా ఆస్పిరిను మాత్రలతో సమానము, పసివాని ప్రాణమునకే ముప్పు. కర్పూరతైలము కడుపులోనికి పోయినచో పిల్లలకు మూర్ఛలు వచ్చును.

తల్లులారా, కుమార్తెలకు కన్నును ముక్కును చెప్పినట్లే తోకయెముక పేరును చెప్పుడు. పురుషులారా, ఇంటి యాడుది పెండ్లిలో పదేపదే నిలిచియుండుట చూచినచో, ఆమె పనిమంతురాలని మెచ్చుటతో ఆగక, కూర్చుండుటకు కష్టముగా నున్నదా యని అడుగుడు. బడులలోను కచేరీలలోను గంటు కోసిన దిండు వేసికొన్నవారిని చూచి నవ్వకుడు. పూతమందును మేము నిషేధించుట లేదు. ఇప్పటికిని రాత్రిపూట మా నూనెగిన్నె వెచ్చబడుచునే యున్నది. అయితే చోటు పేరు చెప్పుట మొదటి చికిత్స, ఆసనము మార్చుట రెండవది, పూత మూడవది. ఈ వరుస తలక్రిందులుగా నున్నంతకాలము మన యిండ్లలో డబ్బాలు ఖాళీ యగుచుండును గాని, నొప్పి యుండినచోటనే యుండును.